పదకొండు మొప్పలు

బేతంచెర్ల జూనియర్ కాలేజీ ఎదురుగా
జిరాక్సు అంగడి పక్క, రేకుల నీడలో
బాటనీ రికార్డులకు బొమ్మలేస్తా నేను.
మందారం నిలువుకోతకు పది రూపాయలు,
రొట్టెబూజుకు ఎనిమిది,
పేర్లు కూడా రాసిస్తే ఇంకో రెండు.
పిల్లోళ్లు బొమ్మ వంక చూడరు,
తేదీ వేసినానా లేదా అని చూసుకుంటారు.

రాత్రి షట్టరు దించినాంక
పాత లెడ్జరు తెరుస్తా.
అది వేరే లోకం.
దానికి పేరు పెట్టలే.
పేరు పెడితే రోడ్డేస్తారు,
రోడ్డేస్తే క్వారీ పడతాది.

దాంట్లో మొదటి మొక్క నేను పుట్టించింది గాదు.
మా నాయన పాలిష్ మిషన్ కాడ
నాపబండ రెండుగా చీలితే
లోపల నల్లగా, ఈనెలతో సహా, ఒక పొద.
"చెట్టు గాదు పాపా, మరక" అన్యాడు ఓనరు.
మరకుండే బండ సెకండ్సు,
అడుగుకు మూడ్రూపాయలు తక్కువ.
ఆ మూడ్రూపాయల తోటలో పెరిగినా నేను.

ఇప్పుడు నూటపద్నాలుగు జాతులు.

రంపంబూజు మిషన్ల మోత తాగి బతుకుతాది,
ఆదివారమొస్తే ఆకలికి పాలిపోతాది.
పెడసరితీగ చూస్తే పూయదు.
వీపు తిప్పుకొని
వేరే పనుండాదన్నట్టు నటించల్ల.
బాకీచిక్కుడుకు కాయ ఈ ఏడు, గింజలు వచ్చే ఏడు,
మధ్యలో ఎవురన్నా అడిగితే
కాయ కూడా వెనక్కి పోతాది.
మింటిగడ్డ వేరు పైకి పెరిగి మబ్బును తడుముతాది,
వెయ్యడుగుల బోరు మాదిరే
శానాసార్లు ఉత్తచేతుల్తో తిరిగొస్తాది.
ఇంకొకటుంది, పేరు దొరకలే,
ముట్టుకుంటే వేళ్లకు చింతాకుపప్పు వాసన,
నాల్గుదినాలు పోదు.

ఎదురుగొడుగుది మాత్రం చివరి పేజీ.
మనిషి కోసరం మనిషి శానాసేపు నిలబడిన చోట
రెండు పాదాల నడాన మొలుస్తాది.
గంటకొక మొప్ప.
వచ్చేవాళ్లు వస్తే రాలిపోతాది,
రాకుంటే రాయవుతాది.

మొన్న ఫిబ్రవరిలో కరెంటు పోయిన రాత్రి
మద్దిలేటి రికార్డు, పుట్టగొడుగు పేజీ.
తెల్లారితే ప్రాక్టికల్సు.
కొవ్వొత్తి వెలుతుర్లో చెయ్యి దోవ తప్పింది.
టోపీ సరే, కాడ సరే, కాడ మీది ఉంగరం సరే,
మొప్పలు పదకొండే పడినాయి,
ఒకటి ఎడం, ఒకటి పెడం.
కాడ మొదట్లో పాదాల గురుతులు రెండు.

నంద్యాల నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ సారు
ఎర్రపెన్ను పట్టుకొని ఆ పేజీ కాడ ఆగినాడంట.
"ఏందబ్బీ ఇది, యాడ మొలుస్తాది?"
మద్దిలేటి అప్పుడే మొదటిసారి ఆ బొమ్మను చూసినాడు.
వాళ్లూరికి దినానికి రెండే బస్సులు.
"బస్టాండులో సార్" అన్యాడంట.
సారు నవ్వలేదంట.
అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకొని
పదికి తొమ్మిదేసి, కింద రాసినాడు:
మొప్పలు పదకొండే ఎందుకు? నమూనా చూపవలెను.

వాడు రికార్డు తెచ్చి నా ముందర పడేసినాడు.
"అక్కా, యాడుందో చెప్పు, పోయి పెరుక్కొస్తా."
పెరుక్కొస్తాడంట.

వాడికేం చెప్పలే.
ఆ రాత్రి లెడ్జరు తెరిచి
ఇన్నేండ్లూ ఖాళీగా వదిలిన గడులు నింపినా.

దొరికిన చోటు: తొమ్మిదో క్వారీ గేటు.
కూలెక్కువని మా నాయన పాలిష్ మాని
అక్కడికి పోబట్టి నెల కూడా కాలే.
పొద్దున ఏడింటికి బండ జారిందన్యారు,
మాయమ్మ చెప్పుల్లేకుండా నన్ను లాక్కొని పోయి నిలబడింది.
సాయంత్రం ఆరింటికి గేటు తెరిచినారు.

రంగు: రాతిసుద్ద.
వాసన: గుర్తు లేదు.
ఎత్తు: ఆ పొద్దు నేనెంతుంటానో అంత.